బియ్యం పోయాయి, గోధుమలొచ్చాయి

పరదేశాల దయవల్ల మన ఆకలి తీరుతోందని పత్రికలు ఊదరగొడుతుంటే ఒళ్ళు మండి, ఆ దయ మొహమేదో చూసొద్దామని విజయనగరంలో రాయపూర్ బండెక్కాను. రాయగడ మీదుగా, మూడో తరగతిలో, రాత్రంతా ప్రయాణం. మా బావ రాయపూర్‌లో రైల్వే గార్డు. పొద్దున్న నేను దిగేసరికి పక్క లైన్లో గూడ్సుకి బియ్యం బస్తాలు ఎక్కిస్తున్నారు.

"ఎక్కడికి బావా?"

"పై ఊళ్ళకి. సర్కారు లెవీ కింద ఇక్కడి పల్లెల్లో ఎత్తిన బియ్యం. నిన్న విదేశీ గోధుమలు దింపిందీ ఈ వ్యాగన్లే. ఏటోయ్ అలా చూస్తావు? నేను గార్డుని, గవర్నర్ని కాను."

ఎనిమిదింటికి బిలాస్‌పూర్ రోడ్డు బస్సెక్కి, మోవా దాటి ధర్సీవాలో దిగాం. మనిషికి ఆరణాలు. అక్కణ్ణుంచి గోధుమలు పంచిన ఊరికి ఎండిన పొలాల గట్ల మీద గంట నడక. ఊరి మొదటి ఇంట్లోనే బిసాహిన్ అనే ముసలమ్మ, పురిటి మంచం మీద ఆమె కూతురు. పసిపిల్లకి తల్లి దగ్గర పాలు లేవు.

ఇక్కడ అన్నం వండి, రాత్రి నీళ్ళు పోసి, మర్నాడు తింటారు. మన చద్దన్నమే, వీళ్ళు బాసీ అంటారు. ఊళ్ళో పంచిన గోధుమల్నీ బిసాహిన్ అలాగే ఉడకేసి నానబెట్టింది. గింజ మెత్తబడలేదు, నీళ్ళు పులిశాయి. కూతురు తిన్నదంతా కక్కేసింది.

"పిండి విసిరి రొట్టె చెయ్యకపోయావా?" అన్నాను. బావ ఆ ఊరి మాటలో అడిగి, ఆమె జవాబు తెలుగులో చెప్పాడు.

"గింజల్లేని ఇంట్లో తిరగలెందుకని అమ్ముకు తినేశాం."

ఆమె బావ కోటుకున్న ఇత్తడి బొత్తాలు చూసింది. "రైలుబాబూ, మా బియ్యం నీ బండిలోనే పోయాయిగా. పిడికెడు ఇక్కడ దింపకపోయావా?"

ఆ మాట నాకు తెలుగు చేసి చెప్పడానికి బావకి చాలాసేపు పట్టింది.

అక్క కట్టిచ్చిన కారియర్ ఆమె చేతిలో పెట్టాం. బిసాహిన్ కూతురికి రెండు ముద్దలు తినిపించి, మిగిలిన అన్నం కుండలో వేసి నీళ్ళు పోసేసింది.

"మొత్తం పెట్టమ్మా, పాలు పడతాయి!"

"పసిది రేపు ఏడవదా?"

తిరిగొచ్చాక ఒక పెద్దమనిషి నాతో అన్నాడు: వాళ్ళకి వండుకోడం చేతకాదండీ అని. చేతకాదట! వరి పండించేవాళ్ళ నోటి దగ్గర బియ్యం ఎత్తుకుపోయి, ఎరగని గింజ విదిలించి, పైగా తిండం నేర్పుతారా? లాక్కున్న చేతికి దానమిచ్చే చెయ్యి అని పేరు పెట్టుకున్నాం. ఆ పసిపిల్ల బతికిందో లేదో నాకు తెలీదు. అడిగి రాయమని బావకి చెప్పే ధైర్యం ఇప్పటికీ రాలేదు.

ఆ దారిన వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. ధర్సీవాలో ఆఖరి బస్సు అయిదింటికే. పొద్దున్నే బయల్దేరి, ఇళ్ళల్లో కూచోడానికి వ్యవధి ఉంచుకోండి. గుమ్మంలోంచి చూసి వచ్చేస్తే, గోధుమలు అందాయనే మీరూ రాస్తారు.