ఆద్రియాన్ వాళ్ళమ్మ

కోబా మాట్లాడితే గట్టు అవతల పడవల్లో ఉన్నవాళ్ళకు కూడా వినిపించేది. ఆల్చిప్పలు ఏరే షెడ్డులో, యంత్రాల రొద మధ్య ఏళ్ళ తరబడి పనిచేసి పెంచుకున్న గొంతు. పక్కింటివాళ్ళం కాబట్టి, ఆమె మొగుడు క్రైన్ ఎప్పుడు చీవాట్లు తిన్నాడో, కూతురు సూజ ఎప్పుడు పాలు ఒలకబోసిందో మాకు గోడలోంచే తెలిసిపోయేది.

రెండో కాన్పుకు పట్నం ఆసుపత్రికి వెళ్ళింది. మగపిల్లాడని క్రైన్ ఫోన్ చేయగానే మా ఆయన హెంక్ చెక్క కొంగను మోసుకెళ్ళి వాళ్ళ ముంగిట్లో పాతాడు. పిల్లల్ని కొంగ మోసుకొస్తుందని మావాళ్ళ మాట; మా వీధిలో ఎవరింట బిడ్డ పుట్టినా ముంగిట్లో ఆ కొంగే. దాని ముక్కుకు నేను నీలం రిబ్బను కట్టి, ‘ఆద్రియాన్’ అని రాసిన అట్ట తగిలించాను.

పిల్లాడి గుండె సరిగ్గా ఏర్పడలేదట. రెండు రోజులు బతికాడు.

క్రైన్ తల్లి పీటర్నెల్లా వచ్చి మా తలుపు తట్టింది. “కోబా వచ్చేలోపు ఆ కొంగను తీసెయ్ హెంక్. చూసిందంటే పిచ్చిదైపోతుంది,” అంది. మాకూ అదే సబబనిపించింది. హెంక్ దాన్ని సగం పైకి లాగాడో లేదో, కారు వచ్చి ఆగింది. కోబా పొట్ట పట్టుకుని దిగింది.

“హెంక్ బాబాయ్, దాని మీంచి చెయ్యి తియ్యి.”

“అది కాదమ్మా, మీ అత్తగారే...”

“కన్నది మా అత్తగారా, నేనా? మళ్ళీ పాతు. వంకరగా కాదు, నిటారుగా.”

హెంక్ దాన్ని నిటారుగా పాతాడు.

మర్నాడు పిల్లాణ్ణి ఇంటికి తెచ్చి, ముందుగదిలో చిన్న తెల్లపెట్టెలో పడుకోబెట్టారు. చూడవచ్చినవాళ్ళు గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. కోబా మాత్రం వంటింట్లో బల్ల ముందు కూర్చుని గుండ్రటి రస్కులకు వెన్న రాస్తోంది. పైన చక్కెర పూసిన నీలం సోంపు గింజలు చల్లుతోంది. బిడ్డ పుట్టిన ఇంట్లో పెట్టే తీపి అది. పీటర్నెల్లా చూసి నిర్ఘాంతపోయింది.

“శవాన్ని ఇంట్లో పెట్టుకుని పురుడు పండగ చేస్తావే? ఊరేమనుకుంటుంది?”

“కాఫీతో పాటు రెండు రస్కులు పెడతాను, తింటూ అనుకోమనండి అత్తయ్యా. సూజ పుట్టినప్పుడు పంచాను. వీడేం తక్కువ? వీడూ నొప్పులు పెట్టే పుట్టాడు.”

పళ్ళెం తనే పట్టుకుని అందరి ముందుకూ వచ్చింది. ఎవరూ వద్దనలేకపోయారు. పాదిరిగారు కూడా తీసుకున్నారు. కొరికితే ఆ రస్కు కరకరమని మోగుతుంది. ఆ గదిలో ఆ చప్పుడు చేయడానికి ఎవరికీ ధైర్యం చాలక, అందరం కాఫీలో ముంచుకుని తిన్నాం.

ఖననం అయిపోయాక ఊరు ఆమెకు ఎదురుపడటం మానేసింది. ఒకరోజు బేకరీ దగ్గర ఆమెతో షెడ్డులో పనిచేసే లీన, కోబాను చూసి గబుక్కున రోడ్డు దాటింది.

“ఏయ్ లీనా! అటెందుకు దూకావ్? ఇదేం అంటురోగం కాదు. ఇటొచ్చి ఎలా ఉన్నావని అడుగు. బాగాలేనని చెప్తాను. తర్వాత నీ దారిన నువ్వు పో.”

లీన వచ్చింది, అడిగింది. ఇద్దరూ బేకరీ మెట్ల మీద చాలాసేపు ఏడ్చారు.

క్రైన్‌ది వేరే ధోరణి. పడవ మీదికి పోయేవాడు, తిరిగొచ్చి తినేవాడు, కొట్టంలో కూర్చునేవాడు. ఒక సాయంత్రం గోడలోంచి వినిపించింది.

“వాడి పేరు నీ నోట ఒక్కసారి కూడా రాలేదు క్రైన్! కన్నది నేనొక్కదాన్నేనా?”

“నువ్వు ఊరంతటికీ అరిచి చెప్పగలవు. నాకు రాదు కోబా. పేరు ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతోంది. ఏం చెయ్యను, గొంతు కోసుకోనా?”

తర్వాత అతని ఏడుపు వినిపించింది. కోబా ఏదో మెల్లగా చెప్తోంది. ఆమె మాట మాకు అర్థం కాకపోవడం అదే మొదటిసారి.

ఏడాది తిరిగాక కోబా వీధంతటినీ పిల్లాడి పుట్టినరోజుకు పిలిచింది. “లేనివాడికి పుట్టినరోజేమిటి? నేను రాను,” అంది పీటర్నెల్లా. కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. పుట్టినరోజుకు వచ్చినవాళ్ళు ఇంట్లో అందరి చేతులూ పట్టుకుని అభినందించడం మా ఆచారం. హెంక్ గుమ్మంలోనే తడబడ్డాడు.

“ఏమనాలమ్మా?”

“ఎప్పుడూ ఏమంటావో అదే. నా కొడుకు పుట్టినరోజు ఇది.”

“అభినందనలు కోబా,” అన్నాడు. అంటూనే అతని కళ్ళు నిండిపోయాయి.

పీటర్నెల్లా చివర్లో వచ్చింది. అభినందనలు చెప్పలేదు. కేకు పొడిగా ఉందంది. రెండో ముక్క కూడా తిన్నది. సూజను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చీకటి పడేదాకా కదల్లేదు.

మూడో కాన్పుకు క్రైన్ తాళాలు నా చేతిలో పెట్టి వెనక కోబా పక్కన కూర్చుంటే, కారు నేనే నడిపాను. పట్నంలో అదే ఆసుపత్రి. కోబా నడవలో గోడ పట్టుకుని నిలబడి ఊపిరి బిగబట్టింది. కొత్తగా చేరిన నర్సు నవ్వుతూ వచ్చి, “ఇంట్లో ఒక పాప ఉందటగా. అయితే ఇది రెండోదన్నమాట!” అంది.

కోబా మొహం చూసి, ఇక ఆసుపత్రి దద్దరిల్లుతుందనుకున్నాను. ఆమె నోరు తెరిచేలోపు క్రైన్ అడ్డొచ్చాడు.

“మూడోది,” అన్నాడు, నడవ చివరిదాకా వినిపించేలా. “రెండోవాడు ఆద్రియాన్. రాసుకోండి.”