గోటి గీతలు

మా పక్కింటి అక్క బూర్గంపాడులో ఒక మిషన్ దవాఖానాలో ఆయా. టెన్త్ పాసైతే నర్సు ట్రైనింగ్‌కు పంపుతామన్నారట. అన్ని సబ్జెక్టులూ గట్టెక్కి ఇంగ్లిష్ ఒక్కటే మిగిలింది. డిగ్రీ చదువుతున్న నేను సాయంత్రాలు ఆమెకు ఇంగ్లిష్ వాక్యంలో కర్త ఏదో, కర్మ ఏదో గుర్తుపట్టడం నేర్పేవాడిని.

నా గ్రామర్ పుస్తకం ఖరాబవుతుందని ఆమె పెన్సిల్ ముట్టేది కాదు. మాటల కింద బొటనవేలి గోటితో నొక్కి గీసేది.

“చేసేటోళ్లకు ఒక గీత, చేయించుకునేటోళ్లకు రెండు. గంతే గదా తమ్మీ?”

“అవ్ అక్కా, గంతే.”

కానీ సొంతంగా ఒక్క వాక్యం రాయమంటే చెయ్యి కదిలేది కాదు.

నాలుగోసారీ ఫెయిలైన రోజు, డ్యూటీ చీరతోనే వచ్చి పుస్తకం నా చేతిలో పెట్టింది. ఇంకోసారి రాద్దామన్నాను.

“ఇగ వద్దు తమ్మీ. ట్రైనింగ్‌కు వయసు దాటిందన్నరు. గిది చదువుకునేటోళ్లకు ఎవరికన్నా ఇయ్యి. నేనేం ఖరాబు చెయ్యలె.”

ఎవరికీ ఇవ్వలేదు. మామూలుగా చూస్తే పుస్తకం కొత్తదే. కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే మాత్రం ప్రతి పేజీలోనూ ఆ గీతలు కనిపిస్తాయి. ఎక్కడైనా తప్పు గీసిందేమోనని చాలాసార్లు వెతికాను. ఒక్కటీ దొరకలేదు.