పేపర్ల చుట్టి ఇచ్చిన గోలీలు

పోయిన నెల వరినారు పోసేటప్పుడు మా మెడికల్ షాపుల గర్భం రాకుండ గోలీలు కొన్న సునీత ఇయ్యాల మళ్ల వచ్చింది. కడుపుతోని ఉన్నది. ఆమె చిన్నోనికి ఇంకా ఏడాది నిండలె.

"అక్కా, ఒక్క రోజు గూడ తప్పలె. గిట్లెట్లయింది?"

"ఎప్పుడు మొదలువెట్టినవ్?"

"నువ్విచ్చిన నాడే."

అప్పటికే ముట్టయి పది రోజులు దాటినయట. గట్ల నడుమల మొదలువెడితే మొదటి ఏడు రోజులు కండోమ్ గూడ వాడాలె. ఆ మాట నేనే చెప్పాలె. కానీ ఆనాడు కౌంటర్ కాడ మొగోళ్లున్నరని, గోలీలు పేపర్ల చుట్టి గబగబ పంపించిన. ఆమె ఇజ్జత్ కాపాడిన అనుకున్న.

ఇయ్యాల గూడ మాట నడుమల ఒకాయన బీపీ గోలీలకు వచ్చిండు. ఇద్దరం చుప్ అయినం.

మీకైతే ఎవరన్న ఎట్ల వాడాలెనో నోరు తెరిచి చెప్పిండ్రా, లేకుంటే పేపర్ల చుట్టే ఇచ్చిండ్రా?