రోజూ ఇచ్చిన మిస్డ్ కాల్

మా ఆవిడ క్షయ మందులు మధ్యలో మానేసిందనీ, ఆ నిర్లక్ష్యం వల్లే ఎడమ ఊపిరితిత్తి పాడైందనీ మా రెండు వైపుల బంధువులూ అంటారు. ఆరేళ్ళుగా అంటున్నారు. ఆ మాట వచ్చినప్పుడల్లా నేను ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయేవాణ్ణి. జరిగింది అది కాదు.

విజయవాడ దాటి కంకిపాడు వైపు వెళ్ళే రోడ్డు మీద మాకో టిఫిన్ సెంటరు ఉంది. ముందు గదిలో వ్యాపారం, వెనక రెండు గదుల్లో కాపురం. దోశలు నేను పోస్తాను, పచ్చళ్ళు ఆవిడవి. ఆ ఏడాది ఎండలు మొదలయ్యేసరికి ఆవిడకి దగ్గు పట్టుకుని నాలుగు వారాలైనా వదల్లేదు. ప్రభుత్వాసుపత్రిలో కళ్ళె పరీక్ష చేసి క్షయ అన్నారు. ఆరు నెలలు మందులు వాడితే నయమైపోతుందని ధైర్యం చెప్పారు.

నాకు ధైర్యం రాలేదు. ఆ జబ్బు కంటే ఆ జబ్బు పేరు రోడ్డు మీదికి రావడం ఎక్కువ భయపెట్టింది. టిఫిన్ సెంటరు వాళ్ళావిడకి క్షయ అని తెలిస్తే మా బల్ల దగ్గర ఎవరు నిలబడతారు? మొదటి నెల డాక్టరు చెప్పినట్టే ఆవిణ్ణి వంటింట్లోకి రానివ్వలేదు. అడిగినవాళ్ళకి పుట్టింటికి వెళ్ళిందని చెప్పాను. ఆవిడ మాత్రం వెనక గదిలో, గోడకి అవతలే ఉండేది. దగ్గు వస్తే దుప్పటి నోట్లో కుక్కుకునేది.

మాత్రల అట్టకి ఓ పద్ధతి ఉండేది. మాత్ర బయటికి నొక్కితే దాని వెనక దాచిన ఫోన్ నంబరు కనిపిస్తుంది. దానికి మిస్డ్ కాల్ ఇవ్వాలి. అలా ఇస్తే ఆ రోజు మందు వేసుకున్నట్టు వాళ్ళ దగ్గర నమోదవుతుంది. ఇవ్వకపోతే ఒకటి రెండు రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి వస్తుంది. మంచి మనిషి. కానీ అందరికీ తెలిసిన మనిషి. ఆమె స్కూటీ మా షాపు ముందు ఆగితే చాలు, పెనం మీద దోశ మాడిపోయేది.

రెండు నెలలకి దగ్గు పోయింది. కళ్ళెలో ఏమీ లేదన్నారు. మా ఆవిడ మళ్ళీ పచ్చళ్ళ దగ్గరికి వచ్చింది. కానీ పొద్దున్నే మాత్రలు వేసుకుంటే గంటసేపు వాంతులు. సరిగ్గా ఇడ్లీ రేకులు దించే వేళకి ఆవిడ దొడ్లో కూలబడి ఉండేది.

శ్రావణమాసం వచ్చింది. పేరంటాలకీ గృహప్రవేశాలకీ టిఫిన్ల ఆర్డర్లు ఒప్పుకున్నాను. ఓ రోజు వాంతులయ్యాక ఆవిడ గడప మీద కూర్చుని, ఈ పూటకి మానేస్తే ఏమవుతుందండీ అని అడిగింది. ఆవిడ అడిగింది ఆ ఒక్క పూట. నేను నాలుగు రోజులు ఆపెయ్యమన్నాను. ఫోన్ సంగతి నేను చూసుకుంటానన్నాను.

రోజూ పొద్దున్నే మాత్రలు నొక్కి, నంబరుకి మిస్డ్ కాల్ ఇచ్చి, మాత్రల్ని గిన్నెలు తోమే చోట నీళ్ళలో వదిలేసేవాణ్ణి. ఎర్రటి మందు. కాసేపు నీళ్ళు ఎర్రగా పారి, తర్వాత మామూలుగా అయ్యేవి. ఐదో రోజు ఆవిడే మాత్రలు అడిగింది. ఆర్డర్లు అయ్యాక మొదలుపెడదాం అన్నాను. పదో రోజు మళ్ళీ అడిగింది. బాగానే ఉన్నావుగా అని విసుక్కున్నాను. ఆ తర్వాత అడగలేదు. ఏడు వారాలు అలా గడిచాయి. స్కూటీ మా షాపు ముందు ఒక్కసారి కూడా ఆగలేదు.

భాద్రపదంలో కూత మొదలైంది. ఆవిడ ఊపిరి వదిలినప్పుడల్లా సన్నగా, మూత సరిగ్గా పడని కుక్కరులోంచి వచ్చినట్టు. పోపు ఘాటుకి వచ్చిన ఉబ్బసం అని నేనే తేల్చేశాను. మందుల షాపులో అడిగి పీల్చే మందు తెచ్చాను. వారం వాడినా కూత తగ్గలేదు. రుబ్బురోలు మెషీను ఆపి ఉన్న ఓ ఉదయం, ఆవిడ నా ముందు వంగి ఉల్లిపాయలు తరుగుతుంటే వెనక నిలబడి విన్నాను. తర్వాత వీపుకి చెవి ఆనించాను. కుడి పక్క మామూలుగా ఉంది. కూత ఎడమ పక్కనే ఉంది. ఏమైందండీ అని ఆవిడ తల తిప్పింది. ఏం లేదు, నూనె కాగిందన్నాను.

విజయవాడలో ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఉబ్బసం అండీ అని నేనే ముందు చెప్పాను. ఆయన వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు.

"ఉబ్బసమైతే రెండు పక్కలా కూయాలి కదండీ. ఇది ఒక్క పక్కే."

ముక్కులోంచి కెమెరా గొట్టం పంపి చూశారు. క్షయ ఊపిరితిత్తిలోనే కాదు, దానికి గాలి తీసుకెళ్ళే గొట్టం లోపలి గోడకి కూడా పట్టిందట. అక్కడ పుండ్లు పడి, వాచి, దారి మూసుకుపోతోందట. తెరమీద నాకు చూపించాడు. కుడి పక్క గుండ్రటి దారి. ఎడమ పక్క తెల్లటి పొర కప్పిన చీలిక. అందులోంచే మా ఆవిడ ఊపిరి పీలుస్తోంది.

మందులు సరిగ్గా వాడారా అని అడిగాడు. మాటమాత్రంగా కాదు. మధ్యలో ఆపి ఉంటే మందులకి లొంగని రకంగా మారి ఉండొచ్చు, దాన్ని బట్టే తర్వాతి వైద్యం అన్నాడు. కంప్యూటర్లో మా రికార్డు తెరిచాడు. ఒక్క రోజూ పోలేదు. ఆయన మా ఇద్దరి వైపూ చూశాడు.

నేను చెప్పాల్సింది అప్పుడు. కంప్యూటరు వైపే చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ నన్నొకసారి చూసి తల దించుకుంది.

"నేనే మానేశానండి. ఏడు వారాలు. ఆయనకి తెలీకుండా ఫోన్ నేనే చేశాను."

డాక్టరు ఆవిణ్ణి గట్టిగానే మందలించాడు. నేను పక్కనే కూర్చుని ఆ మందలింపంతా విన్నాను. బయటికొచ్చాక ఎందుకలా చెప్పావని అడిగితే, వారాలు తెలిస్తే చాలు కదండీ ఆయనకి, ఎవరన్నది దేనికి అంది. బంధువులు అడిగినప్పుడూ ఆవిడ అదే మాట చెప్పింది.

మందులకి లొంగే రకమేనని పరీక్షలో తేలింది. ఫలితం వచ్చేదాకా నేను పడ్డ భయం రాయడం నాకు చేతకాదు. ఆ ఏడు వారాలూ ఆవిడ మా బల్ల వెనకే నిలబడింది. ఎవరికైనా అంటి ఉంటే అన్న భయం ఇప్పటికీ ఉంది. మళ్ళీ మొదట్నుంచీ మందులు వాడాం. ఈసారి ఆశా కార్యకర్తని నేనే పిలిచాను, బల్ల ముందే కూర్చోబెట్టాను. కొందరు రావడం మానేశారు. చాలామంది మానలేదు. జబ్బు పోయింది కానీ పుండ్లు మానే క్రమంలో గొట్టం బిగుసుకుపోయింది. రెండుసార్లు బెలూన్ పెట్టి వెడల్పు చేశారు. సరిగ్గా వాడినవాళ్ళకీ ఒక్కోసారి ఇలా అవుతుందని డాక్టరు అన్నాడు. ఆ ఏడు వారాల వాటా ఎంతో తను చెప్పలేనన్నాడు. నేనూ చెప్పలేను. అసలు లేదనీ అనుకోలేను.

ఇప్పుడు ఆవిడకి జలుబు చేస్తే నాకు వణుకు. ఆ సన్నటి దారికి కాస్త కళ్ళె అడ్డం పడితే చాలు, ఎడమ పక్క మొత్తం ఆగిపోతుంది. పోయిన చలికాలం అలాగే ఆగితే ఆసుపత్రిలో నాలుగు రోజులున్నాం. దారి కాస్త తెరుచుకున్నాక చూడటానికి ఆవిడ అన్నయ్య వచ్చారు. మంచం పక్కన కూర్చుని, ఎప్పటిలాగే మొదలుపెట్టారు. ఆ రోజుల్లో నాలుగు మాత్రలు మింగడానికి బద్ధకించింది, చూడు బావా ఇప్పుడు, అన్నారు.

నేను లేచాను. అలవాటుగా తలుపు దాకా వెళ్ళాను. వెనక నుంచి ఆ కూత వినిపించింది. వెనక్కి తిరిగాను.

"తను మానలేదండీ బావగారూ. నేనే మాన్పించాను. ఆ ఫోన్లన్నీ నావే."

ఆయన చెల్లెలి వైపు చూశారు, నిజమేనా అన్నట్టు. ఆవిడ ఆక్సిజన్ మాస్కు కాస్త పక్కకి జరిపింది.

"ఇప్పుడెందుకండీ అవన్నీ," అంది నాతో. "ఆ ఆవిరి మెషీను పెట్టండి ముందు. ఊపిరాడట్లేదు."

పెట్టాను. ఆయన వెళ్ళేటప్పుడు నాతో చెప్పలేదు. ఆ తర్వాత మా ఇంటికి రాలేదు. ఆవిడకి మాత్రం రోజూ సాయంత్రం ఫోన్ చేస్తారు. ఆవిడ మాట్లాడుతుంటే నేను పొయ్యి తగ్గించి, మాటల మధ్య ఎడమ పక్క కూత ఉందా అని వింటాను. కూత ఉంటే గాలి పోతోందన్నమాట. అది వినపడని రోజే నాకు భయం.