తొమ్మిది బారల లోతు

కరోనా తగ్గిన మరుసటి ఏడు వేసవిలో నేను శ్రీకాకుళంలో ఒక తీర పథకాల ఆఫీసులో ఊళ్ళు తిరిగి కొలతలు రాసుకొచ్చే క్షేత్ర గణకుణ్ణి. హోదాలో అటెండరుకు పైన, మిగతా అందరికీ కింద. చదువు పదో తరగతితో ఆగింది. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. పుట్టింది చేపల వేటకెళ్ళే ఇంట్లో. మావాళ్ళకూ లెక్క వచ్చని ఆ ఆఫీసులో రుజువు చేయాలన్నదే నా పట్టుదల.

నౌపడ అవతల ఒక పల్లె ఎదుట సముద్రంలో సిమెంటు దిమ్మెలు దించాలి. వాటి చుట్టూ చేపలు చేరతాయి. చిన్న పడవలు దూరం పోనక్కర్లేదు. లోతు కనీసం నలభై అడుగులుండాలని నిబంధన. ఒకప్పుడు మా నాన్నతో వేటకెళ్ళిన ఎర్రయ్య అనే పెద్దాయన సీసపు గుండు కట్టిన తాడు వదిలి, దాన్ని రెండు చేతులూ చాపి కొలుస్తూ పైకి లాగాడు. తొమ్మిది బారలు. బారకు ఆరడుగులని పుస్తకంలో చదివాను కనుక ఫారంలో యాభై నాలుగు వేశాను.

తర్వాత యంత్రంతో కొలిస్తే నలభై ఐదే వచ్చింది. నిబంధనకు అదీ చాలు. అయినా పల్లెవాళ్ళు లోతు పెంచి చెప్పారని మా అధికారి జాబితాలో ఆ పల్లె పేరు కొట్టేశారు. ఆయనది తరతరాలుగా సంగీతం, చదువు చెప్పే కుటుంబం. తమ ఇంట తాళం తప్పదని, సముద్రం మీద బతికేవాళ్ళకు నోటికొచ్చిందే లెక్కని నా ఎదుటే అన్నారు.

ఒళ్ళు మండింది. టేపు పట్టుకుని పల్లెకు వెళ్ళి ఎర్రయ్య చేతులు చాపించాను.

“ఏటల్లుడా, సొక్కా కుట్టిస్తావేటి?” అన్నాడు.

టేపు ఐదడుగులు చూపింది. తొమ్మిది ఐదులు నలభై ఐదు. సంగతి చెబితే ఆయన నవ్వడం మానేశాడు.

“మీ అయ్య పొడుగోడు, ఆడి బార ఆరు. నాది ఐదే. ఎవుడి బారో అడక్కుండా రాసేసినావేటి? మాలోనే పుట్టినావు కదరా.”

నిజమే. మా ఇళ్ళలో ఎవరైనా ముందు అడిగేది అదే. ఆఫీసులో పల్లెవాడిలా కనబడకూడదని నేను పుస్తకం అంకె వేశాను.

కొలత సరైందని, తప్పు నాదని నోటు రాసి ఫైల్లో పెట్టాను. అధికారి చదివి, “మీవాళ్ళని మీరు కాక ఎవరు వెనకేసుకొస్తారండీ” అని పక్కన పడేశారు. దిమ్మెలు వేరే ఊరికి పోయాయి. ఎర్రయ్య ఇప్పటికీ దూరమే వెళ్తున్నాడు.

అధికారి తన పుట్టుకను చూసుకుని మనుషుల్ని తూచారు. నేను నా పుట్టుకను దాచుకుని లెక్క తప్పాను. ఇద్దరి మీదా నాకు కోపం తగ్గలేదు. ఉద్యోగం నుంచి ముందుగా విరమించేదాకా, ప్రతి లోతు పక్కనా కొలిచిన మనిషి పేరు, అతని బార పొడవు రాశాను. ఫారంలో అందుకు గడి లేదు. అంచున రాశాను.