ఎర్ర చున్నీ ఆఖరి పేజీ

మా బొమ్మల పుస్తకం పన్నెండో భాగంతో అయిపోవాలని, మొదటి భాగం అచ్చు కాకముందే అనుకున్నాం. అందుకే ఆఖరి భాగం దగ్గరికి వచ్చేసరికి ఏ ఇబ్బందీ ఉండదనుకున్నాను. ముగింపు ముందే తెలుసు కదా, రాసేయడమే కదా అని నా ధైర్యం.

నేను సూర్యాపేటలో ఒక ల్యాబులో పనిచేస్తాను. రక్తం తీసి పరీక్షలు చేసే పని. కొన్నేళ్ళ కిందట ఒక పొద్దున జ్వరంతో ఒకామె వచ్చింది. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది. ఉండేది కోదాడలో, ఇక్కడ అక్క ఇంటికి వచ్చి మంచాన పడిందట. కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది గానీ, నేను రబ్బరు పట్టీ కట్టబోయేసరికి వెనక్కి లాక్కుంది. మళ్ళీ చాపింది. మళ్ళీ లాక్కుంది.

"నాకు సూదంటే భయమక్కా. నవ్వకు," అంది.

నవ్వలేదు. చిన్నపిల్లలు ఏడ్చినప్పుడు వాళ్ళకి చెప్పడానికి నా దగ్గర ఒక కథ ఉండేది. అదే ఆమెకీ చెప్పాను. డిగ్రీ చదివే ఒక అమ్మాయి ఉంటుంది. లోకంలో ఎవరు ఎక్కడ "భయమైతుంది" అన్నా ఆ మాట ఆమె చెవిన పడుతుంది. పడగానే మెడలోని ఎర్ర చున్నీ రెక్కల్లా విచ్చుకుంటుంది. ఎగిరివచ్చి, భయపడేవాళ్ళ పక్కన నిలబడుతుంది. కథ అక్కడికి వచ్చేలోపు నా పని అయిపోయింది. రిపోర్టు కోసం కూర్చున్నంతసేపూ ఆమె ఒక పాత కవరు మీద ఏదో గీస్తూ ఉంది. వెళ్ళేటప్పుడు నా చేతిలో పెట్టింది. చూస్తే నా కథలోని అమ్మాయి, ల్యాబు గుమ్మంలో చున్నీ విప్పుకుని నిలబడి ఉంది. చున్నీ అంచుకి జర్దోసి పని కూడా పెట్టింది. ఆమె మగ్గం వర్క్ చేస్తుందని, కోదాడలో పెళ్ళి జాకెట్ల మీద ఆమె గీసే డిజైన్లకి మంచి పేరుందని అప్పుడే తెలిసింది.

అలా మొదలైంది. నేను కథ రాసి ఫోనులో పంపేదాన్ని. ఆమె జాకెట్ల పని ముగించుకుని పేజీలు గీసేది. అచ్చు మాత్రం మిర్యాలగూడలో, పెళ్ళి కార్డులూ బియ్యం సంచుల లేబుళ్ళూ వేసే ఒక పెద్దాయన ప్రెస్సులో. ఆయన్ని నేను కాకా అనేదాన్ని, ఆమె బాబాయ్ అనేది. ఇద్దరినీ ఆయన బిడ్డా అనేవాడు.

మొదటిసారి ఆ ప్రెస్సుకి వెళ్ళిన రోజునే ఆమె ఒక షరతు పెట్టింది.

"నేను మొదలుపెట్టినవన్నీ మధ్యలోనే ఆగిపోతాయక్కా. డిగ్రీ ఆగింది, కంప్యూటర్ కోర్సు ఆగింది. ఇదెక్కడ అయిపోతుందో ముందే చెప్పు. అప్పుడే గీస్తా."

పన్నెండు భాగాలన్నాను. ఆ సంఖ్య ఎందుకు నోట వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

"మరి ఆఖర్న ఏమవుద్ది?"

టీ తాగుతూ, పెద్దగా ఆలోచించకుండానే చెప్పాను: "ఆఖరికి ఆమెకి ఇగ ఎవల పిలుపూ ఇనబడదు."

"బాగుంది," అంది. అంతే. ఆ తర్వాత ఇన్నేళ్ళూ ముగింపు గురించి మేమిద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. ఇద్దరికీ తెలిసిన విషయమే కదా అని.

మా అమ్మాయికి మేము పేరు పెట్టలేదు. చదివే పిల్లలు ఎర్ర చున్నీ అక్క అన్నారు, అదే స్థిరపడింది. హాస్టల్లో దయ్యం తిరుగుతుందన్న పుకారును తేల్చింది. బస్సులో ఆడపిల్లల వెంటపడే వాళ్ళ ఎదురుగా నిలబడింది. మఠంపల్లి వైపు సున్నపురాయి గనిలో చిక్కుకున్న కూలీని బయటికి తెచ్చింది. వరదనీళ్ళలో ఆగిపోయిన ఆటోని భుజాన ఎత్తుకుంది. ఎవరినీ కొట్టేది కాదు. వచ్చి పక్కన నిలబడితే, భయపడేవాళ్ళకే బలం వచ్చేది. పుస్తకాలు ఎక్కువగా బడుల్లో, హాస్టళ్ళలో చేతులు మారేవి.

పన్నెండో భాగం రాసి పంపాను. కొన్ని వారాలకి ఆమె పేజీలు ఫోనులో పంపింది. ల్యాబులో జనం లేని సమయం చూసి తెరిచాను. అన్నీ బాగున్నాయి, ఆఖరి పేజీ దాకా.

ఆఖరి పేజీ మొత్తం ఒకే బొమ్మ. నిండుగా ఉన్న బస్సు. కిటికీ పక్కన మన అమ్మాయి. చున్నీ మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది. మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఆమె వెనక సీటులో ఒక నడివయసు ఆడమనిషి దవాఖాన కాగితాలు పట్టుకుని కూర్చుంది. ఆమె తల మీద మాటల బుడగ. అందులో, "భయమైతుంది."

మన అమ్మాయి వెనక్కి తిరగలేదు.

నాకేమీ అర్థం కాలేదు. తప్పు పేజీ పంపిందేమో అనుకున్నాను. ఫోను చేశాను.

"గిదేంది చెల్లె? వెనకనే గామె భయమైతుందంటుంటే ఈమె గట్ల కూసునుడేంది?"

"ఆఖరి పేజీ కదక్కా. వినబడదు కదా మరి."

"ఇనబడకపోవుడంటే గిదా?"

"నువ్వన్న మాటే గీశా," అంది ఆమె, తనకీ అర్థం కానట్టుగా.

నా మనసులో ఉన్నది పూర్తిగా వేరు. ఎవరి పిలుపూ వినబడదంటే, పిలిచేవాళ్ళు ఎవరూ మిగలరని. అందరికీ ధైర్యం వచ్చేస్తుంది, ఇక ఆమె అవసరం ఉండదు, హాయిగా ఇంటికి పోతుందని. బొమ్మ గీసిన ఆమెకి అర్థమైంది వేరు, పిలుపులు అలాగే ఉంటాయి, వినే శక్తి మాత్రం పోతుందని. ఒకే మాట నుంచి ఇద్దరం రెండు ముగింపులు మోసుకుంటూ ఇంతదూరం వచ్చాం. ఎవరిది సరైనదని ఎవరిని అడగాలి? ఆ మాట అన్నది నేనే కాబట్టి నాదే సరైనదని ఆ రోజంతా అనుకున్నాను. మర్నాటికి ఆ నమ్మకం కూడా సడలింది. ఆ మాట అన్నప్పుడు నేను నిజంగా ఏం అనుకున్నానో గుర్తు చేసుకోబోతే, గ్లాసులో టీ మాత్రమే గుర్తొస్తోంది. ల్యాబులో ఒకాయన్ని పేరు అడిగి, రాసుకుని, మళ్ళీ అడిగాను. "ఇప్పుడే జెప్తి గద మేడం," అన్నాడాయన.

ఆదివారం కోదాడ వెళ్ళాను. ఆమె ఇంటి ముందు గదిలో మగ్గానికి ఒక పచ్చ పట్టు జాకెట్ గుడ్డ బిగించి ఉంది. దాని పక్కనే నేల మీద కూర్చున్నాం. నా ముగింపు చెప్పాను. అంతా విని, వాదించకుండా తలూపింది.

"సరే అక్కా. నీకెట్టా కావాలో అట్టాగే గీస్తా."

అక్కడే పెన్సిలు తీసింది. సూర్యాపేట కొత్త బస్టాండు సెంటర్ గీసింది. జనాన్ని పెట్టింది. చెరిపేసింది. మళ్ళీ పెట్టింది. మధ్యలో రెండుసార్లు లేచి లోపలికి వెళ్ళి వచ్చింది. చివరికి కాగితం నా వైపు తిప్పింది. రోడ్డు ఖాళీగా ఉంది. దుకాణాలు, ఆటోలు, కరెంటు తీగలు, అన్నీ ఉన్నాయి. మనిషి లేడు.

"జనమేరి?" అన్నాను.

"జనాన్ని గీస్తే ఎవరో ఒకరి మొహంలో భయం వచ్చేస్తోందక్కా. బస్సు తప్పిపోద్దేమోనని ఒకామె, పిల్లోడు రోడ్డు మీదికి ఉరుకుతాడేమోనని ఇంకొకామె. నవ్వు మొహాలు పెడితే పళ్ళపొడి ప్రకటన లాగుంది. తీసేస్తే ఇదిగో, ఇట్టా అయింది."

కర్ఫ్యూ పెట్టిన ఊరులా ఉంది. చూస్తుంటే నాకే భయమేసింది. భయంలేని ఊరు కావాలని అడిగింది నేను. అది ఎలా ఉంటుందో చెప్పమంటే నా దగ్గర ఒక్క మాట లేదు.

"పోనీ, నీది ఎందుకు గట్ల గీసినవో చెప్పు. ఆమె అలసిపోయిందా? కోపమా? లేకుంటే నిజంగనే ఇనబడలేదా?"

ఆమె మగ్గం మీది గుడ్డని వేలితో సర్దింది.

"తెలీదక్కా," అంది. "మొహం మూడు నాలుగు రకాలుగా గీశా. ఏడుస్తున్నట్టు గీస్తే అబద్ధంలా ఉంది. నవ్వుతున్నట్టు గీస్తే పాపంలా ఉంది. అందుకే కిటికీ వైపు తిప్పేశా."

నేను గొడవ పడదామని వచ్చినదాన్ని. ఆమెకి ఖాయంగా తెలుసని, నాకు తెలియనిది దాచిపెట్టిందని అనుకుని వచ్చాను. తెలియదనేసరికి గొడవ పడడానికి ఏమీ మిగల్లేదు. ఆమె పెరుగన్నం, మామిడికాయ పచ్చడి పెట్టింది. తిన్నాను. రెండు కాగితాలూ మా మధ్య నేల మీదే ఉన్నాయి.

తర్వాతి వారం ఇద్దరం మిర్యాలగూడ వెళ్ళాం. ఆ మాట అన్న రోజు పెద్దాయన అక్కడే ఉన్నాడు కదా, ఆయనకైనా గుర్తుంటుందని నా ఆశ. ప్రెస్సులో మిషన్ నడుస్తోంది. ఆపించి బయటికి వచ్చాడు.

"ఏంది బిడ్డా, ఇద్దరు గిట్ల పరేషాన్‌గ ఉన్నరు?"

చెప్పాం. రెండు పేజీలూ చూపించాం. కళ్ళజోడు పైకి నెట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి చూశాడు.

"నాకు యాదికున్నది," అన్నాడు. ఇద్దరం ఆయన దగ్గరికి జరిగాం. "ఇనబడదు అన్నవ్. ఇనబడదంటే, ఇనబడనట్టు ఉంటదని గదా? మా ఇంట్ల నాకు ఇనబడదు సూడు, గట్ల. మా ఆమె నాకు చెవుడనే అనుకుంటది."

"అంటే, వినబడినా పోదా బాబాయ్?" అంది ఆమె.

"ఎన్నని పోతది బిడ్డా? మనిషే గదా."

ఇప్పుడు ముగింపులు మూడయ్యాయి. ఆమె నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను. నవ్వు రావాలి. రాలేదు. పెద్దాయనకి పెళ్ళి కార్డుల పని వరసగా ఉంది. ఆ రోజే మా పేజీలకి అచ్చు ప్లేట్లు చెయ్యకపోతే ముహూర్తాలు అయిపోయేదాకా మిషన్ ఖాళీ ఉండదన్నాడు.

"ఏదో ఒకటి సెప్పుండ్రి. నేనైతే బస్సే బాగున్నదంట. రోడ్డు జూస్తే గుబులైతుంది."

నేను బస్సు పేజీని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. మొహం కనబడని ఆ అమ్మాయిని చూస్తే ఏమనిపించాలో నాకు ఇంకా తెలియలేదు. కానీ కళ్ళు తిప్పుకోలేకపోయాను. వెనక సీటు ఆవిడ పట్టుకున్న కాగితాలని చూసి, ఆమెకి ఏ పరీక్ష రాసి ఉంటారో అని ఆలోచించడం మొదలుపెట్టాను. ఖాళీ రోడ్డు గురించి నాకు అలాంటి ఆలోచన ఒక్కటీ రాలేదు.

"ఇదే వెయ్యి కాకా," అన్నాను.

"కింద ఏం రాస్తావక్కా?" అంది ఆమె.

రాయాలని రెండు మూడు వాక్యాలు అనుకున్నాను. ఏది రాసినా ముగ్గురిలో ఎవరో ఒకరి ముగింపే అవుతుంది. ఏమీ రాయొద్దన్నాను. అది గెలుపో ఓటమో నాకు తెలియదు. ఆమె కూడా సంతోషించినట్టు కనబడలేదు. పెద్దాయన మాత్రం ప్లేటు చెయ్యడానికి లోపలికి వెళ్ళిపోయాడు.

పుస్తకాలు వచ్చాక మిర్యాలగూడలో ఒక బాలికల హాస్టల్‌కి ఇద్దరం కలిసి తీసుకెళ్ళాం. మొదటినుంచీ చదువుతున్న పిల్లలు అక్కడ ఎక్కువ. వరండాలో కూర్చుని అక్కడికక్కడే చదివారు. ఆఖరి పేజీ దగ్గర చాలామంది వెనక అట్ట తిప్పి చూశారు, ఇంకా ఏమైనా ఉందేమోనని. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె లేచి నా దగ్గరికి వచ్చింది.

"మేడం, తర్వాత ఏమైతది?"

"ఇగ లేదమ్మా. ఖతం."

"ఖతమంటే? వెనక ఆంటీ సంగతేంది?"

నేను ఏదో అనేలోపే ఇంకో పిల్ల, "అక్క పడుకున్నదే, బస్సుల నిద్ర వస్తది గద," అంది. "పడుకోలేదు, అక్కకే భయమైతుంది," అంది మరొకతె. వాళ్ళలో వాళ్ళు వాదించుకోవడం మొదలుపెట్టారు. నా పక్కన నిలబడ్డ ఆమె ఆ గొడవనంతా వింటూ, తను గీసిన బొమ్మనే కొత్తగా చూసినట్టు చూస్తోంది. అడిగిన పిల్లకి మాత్రం జవాబు దొరకలేదు. పుస్తకం మూసి చంకలో పెట్టుకుని, మా ఇద్దరి మీదా కోపంగా వెళ్ళిపోయింది. ఆ కోపం సరైనదేనని నాకు అనిపించింది.

బయటికి వచ్చి బస్టాండు పక్క బండి దగ్గర మిర్చి బజ్జీలు తీసుకున్నాం. ఆమె కోదాడ బస్సు ఎక్కాలి, నేను సూర్యాపేట బస్సు. ఇదివరకు ఇలా కూర్చున్న ప్రతిసారీ తర్వాతి భాగం గురించే మాట్లాడుకునేవాళ్ళం. ఆ రోజు మాట్లాడడానికి ఏ పేజీ లేదు. ఇన్నేళ్ళలో నాకు ఆమె గీసే చెయ్యి తెలుసు గానీ, ఆమె ఇంట్లో ఎవరెవరు ఉంటారో సరిగ్గా తెలియదన్న సంగతి అప్పుడు తట్టింది. కోదాడ వెళ్ళినప్పుడు ఆమె మధ్యలో లేచి లోపలికి ఎందుకు వెళ్ళిందో కూడా అడగలేదు.

"ఇంట్ల ఎవరన్న పాణం బాగలేకుండ ఉన్నరా చెల్లె? మొన్న లోపటికి పోయి వస్తుంటివి."

ఆమె చేతిలోని బజ్జీ కాగితంలో పెట్టేసింది.

"మా అత్తమ్మక్కా. పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. పిలుస్తానే ఉంటది."

"ఒక్కసారన్న చెప్పలేదేంది?"

"నువ్వు అడగలేదుగా," అంది మామూలుగా. నిష్ఠూరమేమీ లేదు ఆ మాటలో. ఆ తర్వాత చాలాసేపు అత్తమ్మ గురించి, మందుల గురించి, ఆవిడకి ఇష్టమైన సీరియల్ గురించి చెప్పింది. నేను వింటూ కూర్చున్నాను. కోదాడ బస్సు ఒకటి వెళ్ళిపోయింది. ఇంకోటి వస్తుందిలే అంది.