ఉత్త అద్దం

కళ్ళు పరీక్షించే కుర్చీలో కూర్చున్న మనిషి అబద్ధమాడతాడంటే ఎవరూ నమ్మరు. కళ్ళూ తనవే, చూపూ తనదే, ఇంకెవరి కోసం ఆడాలి అబద్ధం? కానీ మన కళ్ళజోళ్ళాయన్ని అడిగి చూడండి, కథలు కథలుగా చెబుతాడు. పెద్దవాళ్ళు పరువు కోసం ఆడతారు. కనిపించని అక్షరాన్ని ఊహించి చదివేసి, పరీక్ష పాసైనట్టు మొహం పెడతారు. పిల్లలకు పరువు గొడవ లేదు. వాళ్ళు ఎదుటివాడు సంతోషిస్తాడని ఆడతారు. "ఇప్పుడు బాగుందా బంగారం?" అని అడిగితే చాలు, బాగుండాలన్న ఆశ ఆ గొంతులో పట్టేసి "బాగుందంకుల్" అనేస్తారు.

దీనికి విరుగుడు అతనికి పని నేర్పిన గురువుగారు ఎప్పుడో చెప్పారు. పవర్ లేని ఉత్త అద్దం ఒకటి తీసి, ఏదో పెద్ద విశేషం వేస్తున్నట్టు ఆ బరువైన ఇనుప ఫ్రేములోకి జారవిడిచి, "ఇప్పుడెలా ఉంది?" అనడమే. అలాగే ఉంది, ఏం మారలేదు అన్న పిల్లవాణ్ణి నమ్మొచ్చు. "అబ్బో, భలే ఉంది!" అన్నాడా, వాడు చార్టు చూడటం లేదు, నీ మొహం చూస్తున్నాడు. "అప్పుడు కుర్చీ వెనక్కెళ్ళి నిలబడరా," అనేవారు గురువుగారు. "నువ్వు కనపడకపోతే వాడు నిజం చెబుతాడు."

ఇంత తెలిసినవాడు ఇంట్లో ఏం వెలగబెట్టాడో వినండి.

పెళ్ళయిన కొత్తలో ఆ ఇద్దరూ ఈ దేశం వచ్చారు. వచ్చారనడం కన్నా, అతను వచ్చాడు, ఆమెను తెచ్చుకున్నాడు అనడం న్యాయం. ఉద్యోగం ఖాయం చేసుకుని, టిక్కెట్లు కూడా తీసేసి, అప్పుడు చెప్పాడు భార్యకు, అదేదో తీపి కబురైనట్టు. ఆమె ఏమీ అనలేదు. అనకపోవడాన్ని అతను సరే కింద జమ కట్టేసుకున్నాడు. వచ్చిన కొత్తలో ఆమె భాష రాక, కూరగాయల కొట్లో వేలితో చూపించి కొనుక్కుంటూ మూగదానిలా తిరిగింది. తరవాత ఎక్కణ్ణుంచి తెచ్చుకుందో ఆ తెగువ, సిటీ బస్సు నడపడం నేర్చుకుంది. ఇప్పుడు అంత పొడుగు బస్సూ ఆమె చెప్పినట్టు వింటుంది. ఎక్కే ముసలివాళ్ళు ఆమెను పేరు పెట్టి పలకరిస్తారు. ఆమె రాని రోజున, ఒంట్లో బాగాలేదా అని కొత్త డ్రైవర్ని అడుగుతారు.

అతని సంగతి వేరు. ఆ పెద్ద కళ్ళజోళ్ళ షాపులో అతనిది వెనక గది. కిటికీ లేదు. పరీక్షకు చీకటి కావాలి కనుక దీపం కూడా సగమే. రోజంతా "ఇది బాగుందా, అది బాగుందా" అని అతను తన యాసలో అడగడం, అర్థం కాక వాళ్ళు "ఆఁ?" అని మెడ ముందుకు చాపడం. ముందు గదిలో వెలుతురూ నవ్వులూ ఉండేవి. అవి అతనికి తలుపు సందులోంచి వినపడేవి, అంతే.

ఇదిలా ఉండగా సొంతదేశం నుంచి బక్కోడు ఫోన్ చేశాడు. బక్కోడంటే చిన్నప్పటి క్లాసుమేటు. ఇప్పుడు పక్కకి తిరిగితే తప్ప గుమ్మంలో పట్టడు, అయినా బక్కోడే.

"ఒరేయ్, కళ్ళజోళ్ళ షాపు పెడుతున్నాను. కింద షాపు, పైన ఇల్లు. నాకు బేరాలు తెలుసు గానీ కళ్ళ గురించి ఓనమాలు రావు. నువ్వొచ్చి కూర్చో. బోర్డు మీద కూడా నీ పేరే పెడదాం."

అంతే, మనవాడి ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు నుంచీ ఒళ్ళు ఇక్కడ, మనసు అక్కడ.

"పిల్లల కోసం వెళ్ళిపోదాం," అన్నాడు భార్యతో. "మన భాషలో, మనవాళ్ళ మధ్య పెరుగుతారు."

"పిల్లల కోసమే వద్దంటున్నాను," అంది ఆమె. "పెద్దదానికి ఇప్పుడిప్పుడే స్నేహాలు కుదిరాయి. నాటిన మొక్కని పీకేస్తావా?"

చూశారుగా, ఇద్దరూ పిల్లల కోసమే! నా కోసం అన్న మాట ఒక్కరి నోటా రాలేదు.

పెద్దదంటే ఎంత పెద్దదో అనుకునేరు. ముందు పళ్ళు రెండూ ఊడి, కొత్తవి ఇంకా రాని వయసు. ఇంట్లో చిట్టి అంటారు. దాని తరవాత బుడ్డోడు, వాడికింకా తప్పటడుగులే. తల్లిది పొద్దుటి డ్యూటీ, తండ్రి వచ్చేది పొద్దుపోయాక. సెలవులు కూడా కలిసేవి కావు. అతనికి ఆదివారం, ఆమెకు ఏ వారం ఏ రోజొస్తే ఆ రోజు. నలుగురూ కలిసి కూర్చుని మధ్యాహ్నం అన్నం తిన్నది ఎప్పుడో ఎవరికీ గుర్తు లేదు.

ఒక ఆదివారం ఆమె డ్యూటీలో ఉండగా అతను చిట్టిని పార్కుకి తీసుకెళ్ళాడు. ఉయ్యాల ఊపుతూ, ఏదో ఊసుపోక అన్నట్టు కదిపాడు.

"చిట్టీ, మన దేశం వెళ్ళిపోదామా? కింద నాన్న షాపు, పైన మన ఇల్లు. రోజూ మధ్యాహ్నం మెట్లెక్కి వచ్చేసి నీతో అన్నం తింటాను."

చిట్టి కాళ్ళు నేలకి తన్నిపెట్టి ఉయ్యాల ఆపింది. వెనక్కి తిరిగి తండ్రి మొహంలోకి చూసింది. "వెళ్దాం నాన్నా," అంది.

మనవాడు ఎగిరి గంతెయ్యలేదు గానీ, దాదాపు అంత పనీ చేశాడు. ఐస్‌క్రీం కొనిపెట్టాడు. "అమ్మతో అప్పుడే చెప్పకేం," అని కూడా అన్నాడు. తరవాత తలుచుకున్నప్పుడల్లా ఈ మాట దగ్గరే అతనికి తల ఎత్తబుద్ధి అయ్యేది కాదు.

ఆ సాయంత్రమే ఆ ముక్క కాస్తా బయటపెట్టాడు. "పాప కూడా వెళ్దామంటోంది."

ఆమె ఇస్త్రీ చేస్తున్నదల్లా ఆగిపోయింది. "దాన్ని అడిగావా?"

"అడిగితే తప్పేంటి? దానికీ నోరుంది."

"ఉంది. ఆ నోటితోనే నాతో వద్దంది. ఎక్కడికీ పోవద్దమ్మా అంది."

"నువ్వు నేర్పి ఉంటావు."

"నువ్వు ఐస్‌క్రీం పెట్టి అనిపించి ఉంటావు."

అదెలా తెలిసిందో ఏమిటో! గౌను మీద మరక పడి ఉంటుంది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. ఇద్దరూ సిగ్గు విడిచి పోటీ పడ్డారు. ఆమె జడ వేస్తూ అడిగేది, అతను పక్క వేస్తూ అడిగేవాడు. ఇద్దరికీ దాని సాక్ష్యం కావాలి, ఇద్దరికీ దొరుకుతూనే ఉంది. ఎదుటివాళ్ళే పసిదానికి నూరిపోస్తున్నారని ఇద్దరూ మండిపడేవారు.

ఇలా ఉండగా బళ్ళో టీచరు కబురు పెట్టింది. పాప తల నొప్పంటోంది, కళ్ళు నులుముకుంటోంది, ఒకసారి కళ్ళు చూపించండి అని. కళ్ళజోళ్ళాయన కూతురికి సైటొస్తే తండ్రే కనిపెట్టలేకపోయాడా అని నలుగురూ నవ్విపోరూ! షాపుకి సెలవున్న రోజున తాళం తీసి, చిట్టిని వెనక గదిలోకి తీసుకెళ్ళాడు. పెద్దకుర్చీలో దాని కాళ్ళు నేలకందలేదు. ఇనుప ఫ్రేము ఆ చిన్న ముక్కు మీద నిలవక, కింద దూది పెట్టాల్సి వచ్చింది.

ముందు అలవాటుగా ఉత్త అద్దం వేశాడు. "ఇప్పుడెలా ఉంది తల్లీ?" అన్నాడు నవ్వుతూ.

"చాలా బాగుంది నాన్నా!"

అతనికి ఎక్కడో చురుక్కుమంది. ఆ అద్దమే తీసి, మళ్ళీ అదే వేశాడు. ఈసారి కావాలని కనుబొమలు ముడిచాడు. "ఇప్పుడు?"

చిట్టి అతని మొహం వంక చూసి, ఆలోచించి, "కొంచెం మసగ్గా ఉంది," అంది.

అతను కుర్చీ వెనక్కెళ్ళి నిలబడ్డాడు. "చార్టు చదువమ్మా." చిట్టి పైనుంచి మొదలుపెట్టి గడగడా చదివేసింది. అట్టడుగు వరస, పెద్దవాళ్ళు తడుముకునే వరస, అది కూడా ఒక్క తప్పు లేకుండా చదివింది. కళ్ళకి ఏ రోగమూ లేదు. మరి ఆ తలనొప్పి ఎక్కణ్ణుంచి వచ్చింది?

అక్కడే, వెనకే నిలబడి అడిగాడు. "చిట్టీ, మనం వెళ్ళిపోదామా, ఇక్కడే ఉందామా?"

చిట్టి మెడ తిప్పబోయింది. ఫ్రేము జారింది.

"ఇటు తిరక్కమ్మా. గోడ చూస్తూ చెప్పు."

చిట్టి కాళ్ళు ఊపడం మానేసింది. "నువ్వు కనపడకపోతే ఎలా చెప్పను నాన్నా?" అంది చివరికి.

"అమ్మ జడ వేసేటప్పుడు వెనకే ఉంటుంది కదా, అమ్మకెలా చెబుతావు?"

"అమ్మ అద్దంలో కనపడుతుందిగా." ఆ మాత్రం తెలీదా అన్నట్టు చెప్పింది. తరవాత గొంతు తగ్గించి, "అమ్మకి ఉందామంటాను, నీకు వెళ్దామంటాను. కానీ మీరిద్దరూ ఒకేసారి అడగకండేం," అంది.

చెంప ఛెళ్ళుమనిపించినా అంత మండేది కాదు. ఊళ్ళో ఎవరి పిల్లలైనా సరే, మొహం చూసి చెప్పే మాటని ఇట్టే పట్టేసేవాడు! తన పిల్ల ఇన్నాళ్ళూ తన మొహం చదువుతుంటే, దాని మనసు తెలిసిపోయిందని సంబరపడ్డాడు. ఇద్దరు పెద్దవాళ్ళు మోయలేని బరువు తీసుకెళ్ళి, కొత్త పళ్ళు కూడా రాని పిల్ల నెత్తిన పెట్టాడు. పెట్టి, అది మోస్తుంటే ఐస్‌క్రీం కొనిచ్చాడు. ఫ్రేము తీసి, దాని ముక్కు మీద పడిన ఎర్రటి గుర్తుని బొటనవేలితో రాస్తూ ఉండిపోయాడు.

భార్య డ్యూటీ దిగి వచ్చి, ఇంకా యూనిఫాం కూడా విప్పకముందే అంతా చెప్పేశాడు. అమ్మతో చెప్పకు అన్న మాటతో సహా, ఏదీ దాచలేదు. ఆమె కడిగిపారేస్తుందనే అనుకున్నాడు. నిజానికి కడగడానికి నోరు తెరిచింది కూడా. అంతలో అద్దం మాట దగ్గర ఆగిపోయి, మెట్టు మీద కూలబడింది.

"అద్దంలోనా?" అంది. "నేను దాని జడే చూస్తున్నాననుకున్నాను. నా మొహం ఎలా పెట్టానో నేనెప్పుడూ చూసుకోలేదు." యూనిఫాం గుండీ తిప్పుతూ, "ఆ తలనొప్పి మనం తెచ్చిపెట్టిందే," అంది.

ఆ రోజు మొదటిసారి ఇద్దరూ 'పిల్లల కోసం' అన్న మాట ఎత్తకుండా మాట్లాడుకున్నారు. ఎంత కష్టమో! ప్రతి వాక్యం మొదట్లోనూ ఆ మాటే నాలిక మీదకొచ్చి కూర్చునేది.

"నాకు వెళ్ళాలనుంది. నా కోసమే," అన్నాడు అతను. "ఆ చీకటి గదిలో నాకు ఊపిరాడటం లేదు."

"నాకు ఉండాలనుంది. నా కోసమే," అంది ఆమె. "వచ్చేటప్పుడు నన్నెవరూ అడగలేదు. వచ్చి మూగదాన్నయ్యాను. ఇప్పుడిప్పుడే మళ్ళీ మనిషినయ్యాను. అక్కడికి పోయి మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టే ఓపిక నాకు లేదు."

అప్పుడే చెప్పొచ్చు కదా అనబోయి, నోరు మూసుకున్నాడు. ఆ కబురు చెప్పిన రోజు ఆమె మొహంలోకి ఒక్కసారి చూసి ఉంటే తెలిసేదే. అతను టిక్కెట్లు చూస్తూ కూర్చున్నాడు.

"సరే. ఉందాం," అన్నాడు.

"తప్పు చేశానని అంటున్నావా, మనసారా అంటున్నావా? పాపం కడుక్కోడానికైతే నాకొద్దు."

"తెలీదు."

"తెలిశాక చెప్పు," అని లేచి వెళ్ళి బుడ్డోణ్ణి ఎత్తుకుంది.

కొన్నాళ్ళు ఆలోచించాడు. మనసారా అనే మాట ఎంత వెతికినా దొరకలేదు. దొరికిందల్లా ఒక్కటే: ఒకసారి తన మాట చెల్లింది, ఈసారి ఆమె మాట చెల్లాలి. ఆమెతో అదే చెప్పాడు. ఆమె అతని కళ్ళలోకి చూసి, తల ఊపింది. బక్కోడికి ఫోన్ చేసి, రావడం లేదన్నాడు.

"ఏరా, పిల్లల చదువుల కోసమా?" అన్నాడు బక్కోడు.

అవునంటే ఎంత హాయి! "కాదురా," అన్నాడు. "మేమిద్దరం అనుకున్నాం."

ఆమెకు కూడా సెలవు కలిసొచ్చిన ఆదివారం, ఇద్దరూ చిట్టిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. ఇద్దరూ ఒకేసారి కనపడేసరికి పిల్ల బిగుసుకుపోయింది. తల్లి మొహం, తండ్రి మొహం, మళ్ళీ తల్లి మొహం మార్చి మార్చి చూసింది.

"అడగటం లేదమ్మా, చెబుతున్నాం," అంది తల్లి. "మనం ఇక్కడే ఉంటున్నాం. నాన్నా నేనూ అనుకున్నాం."

"ఇన్నాళ్ళూ నిన్నడగడం మాదే తప్పు," అన్నాడు తండ్రి. "నీకు నచ్చకపోతే చెప్పు. కోపమొస్తే రానీ."

"కోపం రావచ్చా?"

"రావచ్చు."

"మీకు ఏడుపు రాదుగా?"

"వస్తే మా ఏడుపు మేం చూసుకుంటాం."

చిట్టి కాసేపు గోళ్ళు చూసుకుంది. "మరి మధ్యాహ్నం?" అంది.

"ఏ మధ్యాహ్నం?"

"రోజూ మధ్యాహ్నం మెట్లెక్కి వచ్చేస్తానన్నావుగా. నాతో అన్నం తింటానన్నావుగా!"

అని బావురుమంది. అతను ఆ మాట అన్న సంగతే మరిచిపోయాడు. చూశావా, దానికి వెళ్ళాలనే ఉంది, అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. భార్య కూడా అతను అంటాడనే ఊపిరి బిగబట్టి చూస్తోంది. అనలేదు. కుర్చీ దిగి, పిల్ల పక్కన నేల మీద కూర్చున్నాడు. ఊరుకోమనడానికి కూడా మొహం చెల్లలేదు. చిట్టి కళ్ళు రెండూ గట్టిగా మూసుకుని, ఎవరి మొహమూ చూడకుండా, వెక్కి వెక్కి ఏడుస్తోంది.